గుట్టవాలు పొలానికి ఎంత ట్రాక్టరు కావాలి?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ బాగేపల్లి, గుడిబండ, కనకపుర వైపు నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న తెలుగువారిలో చాలామందికి దక్కింది చదునైన చేను కాదు. ఒక పక్క బండలు తేలి, మరో పక్క వంకలోకి జారే ఎర్ర గరప నేల. అలాంటి భూమికి ట్రాక్టరు కొనబోతూ అందరూ మొదట అడిగేది ఎన్ని హార్స్ పవర్ అని. వాలు నేలలో ఆ ప్రశ్న చివరికి రావాలి. బండి బరువెంత, వెడల్పెంత, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుందా, వెనక తగిలించిన బరువును దిగుడులో పట్టి ఆపగలదా అన్నవి ముందుగా తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు వాలును కొలవండి. ఒక మీటరు పొడవున్న తిన్నని చెక్కను వాలు వెంబడి పెట్టి, ఎగువ కొసను నేలకు ఆనించి, దిగువ కొసను పైకెత్తి, స్పిరిట్ లెవెల్‌తో సమం చేసుకున్నాక, ఆ దిగువ కొస నేలకు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో చూడండి. 15 సెంటీమీటర్లుంటే వాలు 15 శాతం, అంటే సుమారు ఎనిమిదిన్నర డిగ్రీలు. పొలమంతటికీ సగటు తీసి లాభం లేదు, సగటు వాలు మీద ఎవరూ బోల్తా పడరు. బండి తప్పనిసరిగా వెళ్ళాల్సిన చోట్లలో అతి నిటారుగా ఉన్నదే మీ లెక్కకు ఆధారం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. వెయ్యి కిలోల ట్రాక్టరు రెండు వేల కిలోల ఎరువు ట్రాలీని 15 శాతం వాలు మీదికి లాగాలంటే, మొత్తం మూడు వేల కిలోలలో 15 శాతం, అంటే 450 కిలోల బరువుకు సమానమైన లాగుడు కావాలి. గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి అందుకయ్యే శక్తి సుమారు 10 హార్స్ పవర్ మాత్రమే. నేల రాపిడినీ గేర్లలో పోయే శక్తినీ కలుపుకున్నా 24 హార్స్ పవర్ ఇంజను తట్టుకుంటుంది. తట్టుకోలేనిది చక్రం. వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే టూ వీల్ డ్రైవ్ బండిలో నేలను తొక్కి పట్టేది ఆ రెండు చక్రాల మీద పడిన బరువే కనుక, వదులు గరప మీద అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో బండి బరువంతా పట్టుకు పనికొస్తుంది. అందువల్ల గుట్ట పొలానికి టూ వీల్ డ్రైవ్ 40 హార్స్ పవర్ కంటే ఫోర్ వీల్ డ్రైవ్ 27 హార్స్ పవర్ మేలని నా అభిప్రాయం, ధరలు దగ్గరగా ఉన్నా సరే.

వెడల్పు విషయంలో రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డు వస్తాయి. ద్రాక్ష, దానిమ్మ సాళ్ళ మధ్య తిరగడానికి నాలుగడుగుల లోపు వెడల్పున్న చిన్న ట్రాక్టర్లు అనుకూలం. కానీ చక్రాల ఎడం తగ్గేకొద్దీ పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. చాలా మోడళ్ళలో వెనక రిమ్ములను తిప్పి బిగించి ఎడం పెంచుకోవచ్చు. సాళ్ళు ఒప్పుకున్నంత మేరకు ఎక్కువ ఎడమే పెట్టించండి. వెనక టైర్లలో నీళ్ళు నింపిస్తే బరువు కిందికి దిగి నిలకడ పెరుగుతుంది. నేల కోతను అరికట్టడానికి వాలుకు అడ్డంగా దున్నాలన్నది నిజమే, అయితే 15 శాతం దాటిన చోట అడ్డంగా నడపవద్దనే చెబుతాను. అక్కడ గట్లు కట్టి మడులు చేయించండి, లేదా ఆ ముక్కను దున్నకుండా మామిడికి వదిలేయండి.

పనిముట్టు కూడా బండికి తగినదే ఉండాలి. 24 నుంచి 27 హార్స్ పవర్ ట్రాక్టర్లు ఎత్తగలిగేది సాధారణంగా 750 కిలోలే, పైగా ఎగువకు ఎక్కేటప్పుడు వెనక రోటావేటరు (తిరిగే కత్తులతో నేలను గుల్ల చేసే పనిముట్టు) ఎత్తితే ముందు చక్రాలు తేలిపోతాయి. మూడు, నాలుగు అడుగుల రోటావేటరుతో సరిపెట్టుకుని, ముందు బరువు దిమ్మలు అడిగి తీసుకోండి. ట్రాలీని ఎప్పుడూ బండి వెనక కింది భాగంలో ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబారుకే తగిలించాలి. పనిముట్లను బిగించే పై లింకుకు కట్టి లాగితే బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరు వెనక ఉండే రక్షణ చట్రమూ, సీటు బెల్టూ లేని బండిని గుట్ట మీదికి తేవద్దు.

ఎక్కడం కంటే దిగడమే కష్టం. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే అది ట్రాక్టరును వెనకనుంచి తోస్తుంది. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మన డ్రైవర్లలో కొందరికి ఉంది; దాన్ని మొదటి రోజే మాన్పించాలి. దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులో వేసి, ఎడమ కుడి బ్రేకు పెడళ్ళను కలిపి కొక్కెం పెట్టాలి.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకేలో ఏటా జరిగే కృషి మేళాకు వెళితే వేర్వేరు కంపెనీల బండ్లను ఒకే చోట ఎక్కి చూడవచ్చు. అయితే అక్కడి చదును మైదానంలో ఏ బండైనా బాగానే నడుస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు చేసే లోతు దుక్కి కోసం పెద్ద బండి కొనాల్సిన పని లేదు, దానికి హోబళి (తాలూకాలో ఒక భాగం) స్థాయిలో యంత్రాలు అద్దెకిచ్చే కృషి యంత్రధారె కేంద్రాల్లో అద్దెకు తీసుకోవచ్చు. కొనే ముందు మాత్రం డీలరును బండి మీ పొలానికే తెమ్మనండి. మీ ట్రాలీని మీ ఎరువుతోనే నింపి, మీరు కొలిచిన అతి నిటారు చోట సగం ఎక్కాక ఆపించండి. బ్రేకు మీద కదలకుండా నిలవాలి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కాలి, అదే బరువుతో తక్కువ గేరులో నెమ్మదిగా దిగాలి. మూడూ చేసి చూపిస్తేనే బయానా ఇవ్వండి.