క్యాడ్ డ్రాయింగులు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మీ షెడ్డుకి సరిపడే వ్యూయర్

గత పాఠంలో టైటిల్ బ్లాకు (డ్రాయింగ్ వివరాలు రాసి ఉండే గడి) చదివాం, రివిజన్ నంబరు ఎక్కడ చూసుకోవాలో తెలుసుకున్నాం. అప్పుడు డ్రాయింగ్ తెర మీద ఉందనే అనుకుని మొదలుపెట్టాం. ఈసారి దానికి ముందు మెట్టు: మెయిల్లోనో పెన్‌డ్రైవ్‌లోనో వచ్చిన క్యాడ్ ఫైలుని, అంటే కంప్యూటర్లో గీసిన డ్రాయింగుని, దేనితో తెరవాలి?

విశాఖలో ఈ చిక్కు ఎందుకు ఎక్కువంటే, ఇక్కడి షెడ్లకి వచ్చే పనే రకరకాలు. గాజువాక, ఆటోనగర్ వైపు ఒకే ఫ్యాబ్రికేషన్ షాపుకి షిప్‌యార్డు పని వస్తుంది, స్టీల్‌ప్లాంటు మెయింటెనెన్సు వస్తుంది, రిఫైనరీ పైపింగ్ వస్తుంది, అచ్యుతాపురం ఫ్యాక్టరీ షెడ్డు స్ట్రక్చరూ వస్తుంది. ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఒకరు డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ ఫైలు) పంపితే ఇంకొకరు డీజీఎన్ (బెంట్లీ మైక్రోస్టేషన్ ఫైలు) పంపుతారు, పంపుసెట్టు బేస్ ఫ్రేము స్టెప్ అనే త్రీడీ ఫైలుగా వస్తుంది. చూసి, కొలిచి, ప్రింటు తీసుకోవడమే మీ పనైతే ఖరీదైన డ్రాఫ్టింగ్ లైసెన్సు అక్కర్లేదు, ఫైలుని తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్, అంటే వ్యూయర్ చాలు. కానీ ఏ వ్యూయర్?

చాలామంది ‘ఎన్ని ఫార్మాట్లు తెరుస్తుంది’ అన్న పట్టిక చూసి ఎంచుకుంటారు. ఆ పట్టికని పక్కన పెట్టమంటాను. ఫైలు తెరుచుకోవడం వేరు, అందులో ఉన్నదంతా ఉన్నట్టు కనిపించడం వేరు. తెరుచుకోని ఫైలు వల్ల నష్టం ఒక ఫోన్ కాల్, అంతే. తెరుచుకుని తప్పు చూపించే ఫైలుతోనే ప్లేటు పాడవుతుంది.

ముందు మీకు నిజంగా ఏవి వస్తున్నాయో తేల్చుకోండి. డ్రాయింగులు దాచే ఫోల్డరు తెరిచి, పైన ‘టైప్’ అన్న మాట మీద నొక్కితే ఫైళ్లు రకాల వారీగా సర్దుకుంటాయి. మీకు ఏడాదిలో ఒక్కసారి వచ్చే ఫార్మాట్ కోసం డబ్బు పెట్టొద్దు, దాన్ని పీడీఎఫ్‌గా పంపమని అడగండి. ఎక్కువగా వచ్చే రెండు మూడు రకాలకే వ్యూయర్ చూసుకోవాలి.

డీడబ్ల్యూజీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది పేరుకి ఒకటే గానీ లోపల ఎన్నో. ఆటోక్యాడ్ 1982లో వచ్చినప్పటి నుంచి ఈ ఫార్మాట్ చాలాసార్లు మారింది. మీ ఫైలు ఏ కాలందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఫైలుకి ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి, కంగారు పడొద్దు. మొదటి ఆరు అక్షరాలు మాత్రం చక్కగా చదవొచ్చు. ‘ఏసీ1015’ ఉంటే అది ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్. ఏసీ1018 అంటే 2004, ఏసీ1021 అంటే 2007, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018 ఫార్మాట్. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఆ ఫైలు ఇక పనికిరాదు, కాపీ తీయమన్నది అందుకే.

‘నిన్నటి దాకా బాగానే తెరుచుకుందండీ, ఈ ఫైలు మాత్రం రావట్లేదు’ అన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఈ ఆరు అక్షరాల్లోనే దొరుకుతుంది. వ్యూయర్ పాతది, ఫైలు కొత్తది. అలాంటప్పుడు ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ వాళ్ల డీడబ్ల్యూజీ ట్రూవ్యూ పనికొస్తుంది. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది, కొత్త ఫైలుని పాత వెర్షన్‌లోకి మార్చి ఇస్తుంది. డీడబ్ల్యూజీ, డీఎక్స్ఎఫ్ (వేరే సాఫ్ట్‌వేర్లతో ఇచ్చిపుచ్చుకోవడానికి ఆటోడెస్క్ వాళ్ల ఫార్మాట్) మాత్రమే వచ్చే షెడ్డుకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏ వ్యూయర్ వేసుకున్నా, మీరు ఇదివరకే పని పూర్తిచేసి కొలతలన్నీ తెలిసిన డ్రాయింగుని అందులో తెరవండి. పక్కనే అప్పటి ప్రింటు పెట్టుకోండి. మొదట రంధ్రాల దగ్గరకు జూమ్ చేయండి. ప్రింటులో సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే వ్యాసం గుర్తు, ఆ పక్కన 18 ఉంటే, తెర మీదా అదే ఉండాలి. ఆ గుర్తు బదులు ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో, రెండు పర్సెంటు గుర్తుల పక్కన ‘సి’ అన్న ఇంగ్లీషు అక్షరమో కనిపిస్తే వ్యూయర్ ఆ గుర్తుని అర్థం చేసుకోలేదన్నమాట. ఇంకోటి మరీ ప్రమాదం: టాలరెన్సు (కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చన్నది) గుర్తుల ఫాంటు లేకపోతే వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట చిన్న ‘ఎన్’ అక్షరం, లోతు గుర్తు చోట ‘ఎక్స్’ వస్తాయి. చూసేవాళ్లకి అదేదో కోడ్ అనిపిస్తుంది, తప్పని తట్టదు. ఎస్‌హెచ్ఎక్స్ (ఆటోక్యాడ్ సొంత ఫాంటు రకం) ఫాంటు ఫైళ్లు కూడా పంపమని డ్రాయింగ్ ఇచ్చినవాళ్లని అడిగితే ఇది తీరిపోతుంది.

తర్వాత, తెలిసిన ఒక కొలతని వ్యూయర్‌తో కొలవండి. 1000 మి.మీ. ఉండాల్సింది 39.37 అని వస్తే యూనిట్లు అంగుళాల్లోకి పోయాయి. 25,400 వస్తే మిల్లీమీటర్లని అంగుళాలుగా తీసుకుని 25.4తో హెచ్చించింది. త్రీడీ ప్రింటింగుకి ఎక్కువగా వాడే ఎస్‌టీఎల్ ఫైళ్లలోనైతే యూనిట్ అన్నదే ఉండదు, అంకెలు మాత్రమే ఉంటాయి. ఎస్‌టీఎల్ వచ్చినప్పుడు మొత్తం పొడవు ఎంతో పంపినవాళ్లని అడిగి రాయించుకోండి.

మూడోది, బొమ్మలో ఏదైనా లోటు ఉందా? పెద్ద ప్లాంటు డ్రాయింగుల్లో కాలమ్ గ్రిడ్ ఒక ఫైలులో, పైపులు ఇంకో ఫైలులో ఉంటాయి, మీకు వచ్చింది వాటిని పిలుచుకునే మూడో ఫైలు. దీన్నే ఎక్స్‌రెఫ్ అంటారు. మిగతావి రాకపోతే ఆ భాగం ఖాళీగా ఉంటుంది. మంచి వ్యూయర్ ‘ఫలానా ఫైలు దొరకలేదు’ అని చెబుతుంది. కొన్ని ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. అలా ఊరుకునే వ్యూయర్ ఎంత వేగంగా నడిచినా నా దగ్గర ఉండనివ్వను. ఆటోక్యాడ్‌లో ‘ఈట్రాన్స్‌మిట్’ అనే కమాండు ఉంది, ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు అన్నీ కలిపి ఒకే జిప్ చేసి ఇస్తుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే ‘ఈట్రాన్స్‌మిట్ చేసి పంపండి సార్’ అని ఒక్క మాట రాస్తే సగం టెన్షన్ పోతుంది. పనిలో పనిగా కింద లేఅవుట్ ట్యాబులు (ప్రింటు కోసం సర్దిన షీట్లు) కనిపిస్తున్నాయో లేదో కూడా చూడండి. అసలు బొమ్మ గీసే మోడల్ ట్యాబు ఒక్కటే చూపించే వ్యూయర్‌లో టైటిల్ బ్లాకు, రివిజన్ పట్టిక చాలాసార్లు కనపడవు.

త్రీడీ ఫైళ్లకి ఇంకో జాగ్రత్త కావాలి. స్టెప్ అనేది ఐఎస్ఓ 10303 ప్రమాణం, అందులో గుండ్రని రంధ్రం నిజంగా గుండ్రంగానే నమోదై ఉంటుంది. కొన్ని వ్యూయర్లు వేగం కోసం దాన్ని చిన్న చిన్న సరళరేఖల బహుభుజిగా మార్చి, కొలత కూడా ఆ బహుభుజి మీదే తీస్తాయి. 100 మి.మీ. రంధ్రాన్ని వృత్తం లోపల ఇమిడే 16 భుజాలుగా మార్చిందనుకోండి. ఎదురెదురు భుజాల మధ్య కొలిస్తే 98.1 మి.మీ. మాత్రమే వస్తుంది. బేరింగ్ హౌసింగ్‌లో అది చిన్న తేడా కాదు. అందుకే రంధ్రం అంచు మీద నొక్కగానే నేరుగా వ్యాసం చెప్పే వ్యూయర్ కావాలి, రెండు బిందువులు పెట్టి కొలుచుకోమనేది వద్దు. ఫ్రీక్యాడ్ ఉచితం, స్టెప్, ఐజీఈఎస్ (ఇంకో పాత త్రీడీ ఫార్మాట్) రెండూ తెరుస్తుంది, అసలు జ్యామితి మీదే కొలుస్తుంది. కాకపోతే కొత్తవాళ్లకి దాని మెనూలు అలవాటు కావడానికి కాస్త ఓపిక పట్టాలి. డీడబ్ల్యూజీ తెరవాలంటే దానికి విడిగా కన్వర్టర్ కావాలి. సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఎక్కువగా వచ్చేవాళ్లకి ఈడ్రాయింగ్స్, డీజీఎన్ వచ్చేవాళ్లకి బెంట్లీ వ్యూ. రెండూ ఉచితమే.

బ్రౌజర్‌లో నడిచే ఆటోడెస్క్ వ్యూయర్ చాలా ఫార్మాట్లు తెరుస్తుంది, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. సౌకర్యం నిజమే. కానీ ఫైలు మీ కంప్యూటరు దాటి వేరే సర్వరుకి వెళ్తుంది. ఈ ఊళ్లో నేవల్ డాక్‌యార్డుకీ షిప్‌యార్డుకీ పనిచేసే షెడ్లు చాలా ఉన్నాయి. ఆ డ్రాయింగులు బయటికి పంపకూడదని ఆర్డరులో షరతు ఉంటే, ఆన్‌లైన్ వ్యూయర్‌లో పెట్టడం కూడా బయటికి పంపడమే. ‘చూసి వెంటనే డిలీట్ చేశాను’ అన్న మాట అక్కడ చెల్లదు. ఇలాంటి పనికి నెట్ లేకుండా నడిచే వ్యూయరే వేసుకోండి, షాపులో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఫోనులో చూడటం గురించి ఒక్క మాట: సైటులో నిలబడి ‘ఈ బ్రాకెట్ ఎటు వైపు?’ అని తేల్చుకోవడానికి బాగుంటుంది. మార్కింగ్‌కి మాత్రం ఫోను వద్దు.

ఇంతకీ ఒకే సాఫ్ట్‌వేర్‌తో అన్నీ అయిపోవాలా? డబ్బు పెట్టి కొనే బహుళ ఫార్మాట్ వ్యూయర్లు ఉన్నాయి, రోజుకి పదుల ఫైళ్లు చూసే ఎస్టిమేషన్ విభాగానికి అవి గిట్టుబాటే. చిన్న షెడ్డుకి మాత్రం రెండు ఉచిత వ్యూయర్లు పెట్టుకుని, రెండింటినీ బాగా నేర్చుకోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. కొనేదైనా సరే, ట్రయల్ ఉన్నప్పుడే పైన చెప్పిన పరీక్షలన్నీ మీ సొంత ఫైళ్లతో చేయండి. వాళ్ల నమూనా ఫైలు ఎప్పుడూ చక్కగానే తెరుచుకుంటుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన డ్రాయింగ్ ఒకటి, కొలతలు తెలిసిన పాత డీడబ్ల్యూజీ ఒకటి, దొరికితే స్టెప్ ఫైలు ఒకటి తీసుకోండి. రెండు వ్యూయర్లలో తెరిచి, వ్యాసం గుర్తు, ఒక పొడవు, ఒక రంధ్రం, లేఅవుట్ ట్యాబులు చూసి, తేడా వచ్చిన ప్రతి చోటా ప్రింటు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. 5వ పాఠంలో లేయర్లు ఆపుతూ, వేస్తూ డ్రాయింగ్ చదవడం మొదలుపెడదాం. ఆ ప్రింటు పక్కనే పెట్టుకుని కూర్చోండి, దానితోనే పని.