పత్తి సీజన్ ముందు పాత పికప్‌కు స్క్రాప్ సామాన్లు వేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వినాయక చవితి దాటిందంటే మా వరంగల్ దిక్కు పాత పికప్‌ల పని మొదలవుతుంది. దసరా నాటికి బండి తయారు కావాలి, భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించాలి, ఆ వెంటనే ఎనుమాముల మార్కెట్‌కు పత్తి కిరాయిలు అందుకోవాలి. తప్పులన్నీ ఈ తొందరలోనే జరుగుతాయి. అందుకే ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాస్తున్నాను.

మాది టాటా 207. ఏపీ 36 నంబరు బండి, నాన్న కొన్నది. కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసి చాలా కాలమైంది. కొన్ని సామాన్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, కొన్నింటికి స్క్రాప్ దుకాణాలే దిక్కు. కొత్త పికప్ కొనే స్తోమత లేనివాళ్లు పాత సామాన్లతో బండి నిలబెట్టుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ అలాగే నిలబెట్టుకున్నాను. అయితే ఏది పాతది వేయొచ్చో, ఏది వేయకూడదో తెలియకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

నాకు అది అనుభవంతోనే తెలిసింది. ఒకసారి వెనక చక్రానికి పాత వీల్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో బ్రేకు పట్టించే సామాను, వేయించాను. కడిగి, కొత్త రబ్బర్ కిట్ వేసి ఇచ్చారు, పైకి బాగానే ఉంది. లోపల తుప్పు తిని గుంతలు పడ్డాయని నేనూ చూడలేదు, బిగించినవాళ్లూ చూడలేదు. మిర్చి బస్తాలతో ములుగు దగ్గరి గట్టమ్మ గుట్ట దిగుతుంటే పెడల్ సగానికి పైగా లోపలికి పోయింది. ముందు చక్రాలకు మాత్రమే బ్రేకు పడుతోంది. గేర్లు తగ్గించుకుంటూ ఎలాగో రోడ్డు పక్కకు తెచ్చి ఆపాను. పక్క సీట్లో మా బావమరిది ఉన్నాడు. ఆ రోజు మేమిద్దరం ఒక గంట దాకా మాట్లాడుకోలేకపోయాం.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క. బండిని ఆపే సామాను, తిప్పే సామాను కొత్తదే వేస్తాను. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, బ్రేకు హోస్‌లు, లైనర్లు, టై రాడ్ ఎండ్‌లు, బాల్ జాయింట్లు, వీటిలో ఒక్కటి కూడా స్క్రాప్‌లోది వద్దు. హోస్ పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు, డ్రమ్ము కాలిపోతుంది. బ్రేకు ఆయిల్ కూడా కొత్త సీలు డబ్బాలోదే పోయండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఆయిల్ గుట్ట దిగేటప్పటి వేడికి లోపల మరిగి ఆవిరి అవుతుంది, పెడల్ మెత్తబడుతుంది. బండిలో బ్రేకు ఆయిల్ పోసే డబ్బా మూత మీద డాట్ 3 రాసి ఉందా, డాట్ 4 రాసి ఉందా చూసి అదే రకం ఆయిల్ వాడండి. అర్జెంటని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

డ్రమ్ములు మాత్రం కొలిచి చూస్తే పాతవి వేయొచ్చు. చాలా డ్రమ్ముల మీద ఎంత వ్యాసం దాకా వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది. లేత్ మీద అరగదీయించాక కూడా కొలత దానిలోపే ఉండాలి. లోపల నీలి మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టకండి. పాత లైనర్లలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. షెడ్డుల్లో పనిచేసే చిన్న కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. నాకు బాధగా ఉండేది అక్కడే.

ఇక బరువు మోసే సామాను. కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు), హౌజింగ్ (వెనక ఇరుసు పెట్టె), హబ్ (చక్రం బిగించే గుండు), స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు). ఇవి పాతవి వేయొచ్చు, కానీ పరీక్ష చేశాకే. మా ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవాడు: “తమ్మీ, కుండ కొనేటప్పుడు కొట్టి సూడవా? ఇనుము గూడ గంతే.” హబ్‌ను తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తడితే మంచిదైతే ఖంగుమని మోగుతుంది, పగిలినదైతే చప్పగా వినిపిస్తుంది. అనుమానం ఉంటే ఇంకో పద్ధతి ఉంది. సామాను శుభ్రంగా కడిగి ఆరబెట్టి కిరోసిన్ పూయండి. పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి గానీ ముగ్గు గానీ చల్లండి. పగులు ఉంటే లోపల ఇంకిన కిరోసిన్ బయటికి వచ్చి తెల్లటి పొడి మీద తడి గీత కనిపిస్తుంది. ఖర్చు పెద్దగా ఏమీ కాదు.

కమాన్ పట్టీలో మధ్య బోల్టు రంధ్రం చుట్టూ చూడండి, పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. ఎక్కడైనా వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ఆ పట్టీ వద్దు. వెల్డింగ్ వేడికి స్ప్రింగ్ ఉక్కు గుణం మారిపోతుంది, సరిగ్గా దాని పక్కనే విరుగుతుంది. కట్టను పట్టే యూ బోల్టులు మాత్రం కొత్తవి కొనండి. ఒకసారి బిగించి సాగినవి మళ్లీ అంత గట్టిగా పట్టవు. హౌజింగ్‌లో ఒకదానికొకటి పట్టుకుని తిరిగే పళ్ల చక్రాలు క్రౌన్, పినియన్ రెండూ ఒకే బండివి, జోడీగా ఉండాలి. ఒక బండి క్రౌన్‌కు ఇంకో బండి పినియన్ కలిపితే మోత మొదలై కొన్నాళ్లకే పళ్లు పోతాయి.

డోర్లు, అద్దాలు, సీట్లు, బానెట్, బంపర్ పాతవి ధైర్యంగా వేసుకోండి. సెల్ఫ్ మోటార్, డైనమో కూడా బ్యాటరీ పెట్టి ఆడించి చూసి తెచ్చుకోవచ్చు. ఇక్కడ డబ్బు మిగిల్చి బ్రేకుల మీద పెట్టండి.

సామాను ఏ బండి నుంచి వచ్చిందన్నది కూడా ముఖ్యమే. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రి మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మరుసటి ఏడు సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. అలా నీళ్లలో మునిగిన బండ్లు చివరికి ఎక్కడో ఒక చోట విడి సామాన్లవుతాయి. కడిగి రంగు వేస్తే పైకి తెలియదు. బోల్టు రంధ్రాల్లో, లైట్ల గిన్నెల వెనక, వైర్ల కనెక్టర్లలో సన్నటి ఒండ్రు మాత్రం మిగిలిపోతుంది. రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటుంది. గేర్ బాక్స్ ప్లగ్గు విప్పి ఆయిల్ చూడండి. పాలు కలిసిన చాయ్‌లా ఉంటే నీళ్లు పోయినట్టే. బేరింగ్ వేలితో తిప్పితే గరగరమంటే తీసుకోకండి.

కాగితాల విషయం తొందరగా చెప్పేస్తాను. ఇంజిన్ కొంటే బిల్లు తీసుకోండి, అది ఏ బండిదో, ఇంజిన్ నంబరు ఎంతో రాయించుకోండి. నంబరు గీకేసిన ఇంజిన్ జోలికి పోవద్దు, దొంగ బండిదైతే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ముందుగా ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) అనుమతి తీసుకుని ఇంజిన్ మార్చడమే మేలు. అనుమతి లేకుండా మార్చి ఉంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 రోజుల్లో తెలపాలి. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ప్రతి సంవత్సరం ఫిట్‌నెస్ ఉంటుంది, ఆర్‌సీలో ఒక నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే అక్కడే దొరుకుతుంది.

పని జరిగేటప్పుడు ప్రాణాల మీదికి తెచ్చేది జాకీ. వానాకాలం నల్లరేగడి మీద జాకీ పెడితే బరువుకు మెల్లగా దిగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. కింద మందపాటి చెక్క వేయండి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, ఇనుప స్టాండ్లు పెట్టాకే బండి కిందికి వెళ్లండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు, ఉన్నట్టుండి పగులుతాయి.

తుప్పు పట్టిన చాసిస్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి, ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు బేరింగ్‌ల గుండా పోయి వాటిని తినేస్తుంది. డీజిల్ ట్యాంకు ఖాళీ చేశాం కదా అని దానికి వెల్డింగ్ పెట్టించకండి. లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ను పరీక్షిస్తున్నప్పుడు ఆ తుంపరకు చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. బయటికి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. అయినా వెంటనే ఎంజీఎం ఆసుపత్రికి పోండి, డీజిల్ లోపలికి దిగిందని డాక్టరుకు చెప్పండి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు.

పత్తి కిరాయికి పోయే బండికి నిప్పు భయం ఎక్కువ. సైలెన్సర్‌లో చిల్లు ఉంటే మార్చండి, దాని వేడి తొట్టికి తగలకుండా ఎడం ఉండాలి. స్క్రాప్ బండి వైరింగ్ తెచ్చి వేస్తే ప్రతి లైనుకూ సరైన ఫ్యూజ్ పెట్టించండి. ఫ్యూజ్ పోతుందని రాగి తీగ చుట్టే అలవాటు ఇప్పటికీ ఉంది, ఒక్క షార్టుతో పత్తీ బండీ రెండూ బూడిదవుతాయి. పత్తి బోరాలు బయటికి వంగి వెనక లైట్లను కప్పేస్తాయి. బోరాలు నింపాక వెనక్కి వెళ్లి కళ్లతో చూడండి. వెనక ఎర్ర, ముందు తెల్ల, పక్కల పసుపు రేడియం పట్టీలు అంటించండి. రాత్రి భూపాలపల్లి రోడ్డు మీద వేగంగా వచ్చే ఇసుక లారీకి మీ బండి కనిపించాలి.

ముందు చక్రాలకు రీట్రెడ్ టైర్లు (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి) వేయకండి. పాత టైరు కొంటే పక్క గోడ మీద 4 అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీది బటన్లు (రోడ్డును పట్టే గడులు) ఎంత ఎత్తున్నా రబ్బరు ముదిరి పగుళ్లిస్తే లోడు మోయదు.

సీజన్‌లో ఇంకో ఒత్తిడి వస్తుంది. “అన్నా, ఎట్లాగూ చేను దాకా పోతున్నవ్ గదా, కూలోళ్లను గూడ ఎక్కించుకో” అంటారు. ఒప్పుకోకండి. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్స్ వర్తించదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. అన్నిటికన్నా ముందు, తొట్టిలో కూర్చున్న ఆ ఆడవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అంతా బిగించాక మొదటి రోజు ఖాళీ బండితో ఊరి రోడ్డు మీద మెల్లగా తిప్పి బ్రేకు చూడండి. ఒక ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది. తర్వాత సగం లోడు వేయండి. మొదటి పూర్తి లోడు మార్కెట్‌లో దింపి ఇంటికి రాగానే, చీకటి పడకముందే యూ బోల్టులు, వీల్ నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. కొత్తగా బిగించినవి మొదటి బరువుకు చాలాసార్లు కొంచెం వదులవుతాయి.