క్యారవాన్‌లో ఊటీకి: ఘాట్ రోడ్డును ఎంచుకునే పద్ధతి

బెంగళూరు నుంచి క్యారవాన్‌లో (పడక, వంట వసతి ఉన్న పెద్ద బండిలో) కుటుంబంతో ఊటీ బయలుదేరేవారు చాలావరకు ఫోనులోని మ్యాపు చూపిన దగ్గరి దారినే పడతారు. బండి పొడవు, ఎత్తు, బరువు మ్యాపుకు తెలియవు కనుక కారుకు చూపే దారినే దీనికీ చూపుతుంది. దారిని ఎంచుకునేటప్పుడు ఎక్కగలమా అన్నదాని కన్నా, నిండు బరువుతో క్షేమంగా దిగగలమా అన్నదే ముందుగా చూసుకోవాలి. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు సత్తువ చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మైసూరు, గుండ్లుపేట, బందీపూర్ దాటి తెప్పకాడు చేరాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగి మసినగుడి, కల్లట్టి మీదుగా వెళితే దాదాపు 30 కిలోమీటర్లు కలిసివస్తుంది కానీ, ఆ ఘాట్‌లో నిటారుగా లేచే 36 హెయిర్‌పిన్ (వెనక్కి మడిచినట్టు తిరిగే) మలుపులు ఉన్నాయి. వరుస ప్రమాదాల తర్వాత ఊటీ నుంచి ఆ దారిన పర్యాటకుల వాహనాలను కిందికి దిగనివ్వడం లేదు. దిగడానికి పనికిరాదని తేలిన దారిని ఎక్కడానికి మాత్రం ఎంచుకోవడం నాకు సబబుగా తోచదు. తిన్నగా గూడలూరు, నడువట్టం మీదుగా సాగే జాతీయ రహదారి చుట్టే అయినా వాలు నిదానంగా ఉంటుంది. బెంగళూరు–ఊటీ పెద్ద బస్సులు నడిచేది ఈ దారినే కనుక, పెద్ద బండికి మలుపులు సరిపోతాయో లేదో ప్రత్యేకంగా విచారించనక్కర్లేదు.

అయితే కాలాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. నైరుతి రుతుపవనాల వేళ గూడలూరు వైపు వానలు ఎక్కువ. అప్పుడు సేలం, అవినాశి మీదుగా మేట్టుపాళయం చేరి కోటగిరి దారిన ఎక్కడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలకు మేట్టుపాళయం–కూనూరు వైపు కొండచరియలు విరిగిపడుతుంటాయి కాబట్టి, ఆ నెలల్లో గూడలూరే నయం. చామరాజనగర్ వైపు నుంచి సత్యమంగళానికి దిగే దింబం ఘాట్ 27 మలుపులతో, లారీల రద్దీతో ఉంటుంది. క్యారవాన్‌కు దాని జోలికి పోకపోవడమే మంచిది.

బందీపూర్ రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు. అడవిలో బండి ఆపడం, వండుకోవడం నిషిద్ధం కనుక భోజనం గుండ్లుపేటలోనే ముగించాలి. నీలగిరి జిల్లా ప్రవేశానికి 2024 మే నుంచి అమలులో ఉన్న ఈ-పాస్‌ను (ఆన్‌లైన్ అనుమతి పత్రాన్ని) ముందే తీసుకోవాలి.

బయలుదేరే ముందు నీళ్ల ట్యాంకును ఖాళీ చేయండి: వంద లీటర్లంటే వంద కిలోలు, పైగా సగం నిండిన ట్యాంకులో నీరు మలుపు మలుపుకూ ఒక పక్కకు ఒరుగుతుంది. గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. మలుపులో వెనుక చక్రాలు లోపలి వైపుకు కోసుకుపోతాయి, వాటి వెనుకనున్న భాగం మాత్రం బయటికి విసురుతుంది. బండి వెనుక బిగించిన నిచ్చెన, సైకిల్ స్టాండు గోడకు తగిలేది అప్పుడే. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, న్యూట్రల్‌కు ఎన్నడూ వేయకుండా, ఎక్కే బండికి దారి ఇవ్వండి. చక్రాల దగ్గర మాడు వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బ్రేకు డ్రమ్ములు వాటంతట అవే చల్లారే దాకా ఆగాలి. వాటి మీద నీళ్లు పోయరాదు.