సైనిక ఆహారపు పొట్లం వయసు కనిపెట్టడం ఎలా?

అమెరికా సైన్యం వాడే ఎంఆర్ఈ (మీల్, రెడీ టు ఈట్ - వండనక్కరలేకుండా తినగలిగే భోజనం) పొట్లం చేతికి వచ్చినవారు మొదట గడువు తేదీ కోసం వెతుకుతారు. అది సాధారణంగా కనబడదు. సంచి మీదనో, లోపలి చిన్న పొట్లాల మీదనో నాలుగంకెల సంఖ్య మాత్రం ఉంటుంది. మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, తక్కిన మూడూ ఆ ఏడాదిలో అది ఎన్నో రోజో తెలుపుతాయి. చెన్నైలో పాత సామాన్ల వ్యాపారి ఒకరు కొత్తదని చెప్పి నాకు అమ్మిన పొట్లంపై 0132 అని ఉంది. అంటే 132వ రోజు: లీపు సంవత్సరమైన 2020 అయితే మే 11, 2010 అయితే మే 12.

దశాబ్దం తేల్చడానికి సంచినే పరిశీలించాలి. ముదురు గోధుమరంగు సంచులు 1990ల నడిమి వరకే వచ్చాయి, తరువాతివి లేత ఇసుకరంగువి. మొదట్లో 12 రకాలే ఉన్న భోజనాలు తరువాత 24కు పెరిగాయి కనుక, మెనూ సంఖ్య 12 దాటితే అది తొలినాటిది కాదు. నాది ఇసుకరంగుదే కావడంతో, వంటకం పేరును ఏటేటి మెనూ పట్టికలతో పోల్చి 2010 అని తేల్చుకున్నాను.

అయితే తేదీ తెలిసినంత మాత్రాన వయసు తెలిసినట్టు కాదు, ఎందుకంటే ఈ ఆహారాన్ని ముసలిదాన్ని చేసేది కాలం కంటే వేడి. సుమారు 27 డిగ్రీల దగ్గర మూడేళ్లు నిలిచే పొట్లం 38 డిగ్రీల దగ్గర ఆరు నెలలకు మించి నిలుస్తుందని నమ్మలేము. కత్తిరి ఎండల్లో డాబా కప్పును ఆనుకుని ఉండే మన అటక ఎంత కాగుతుందో చెన్నైవాసులకు చెప్పనక్కరలేదు. అదే పొట్లం బెంగళూరులో ఇంకొన్నాళ్లు మన్నుతుంది. అందుకే అట్టపెట్టెతో సహా దొరికితే దాని మీది గుండ్రని సూచికను తప్పక చూడాలి. లోపలి చుక్క బయటి వలయం కంటే లేతగా ఉంటే మేలు, ముదిరి ఉంటే పెట్టె వేడిలో మగ్గిందని అర్థం.

ఉబ్బిన పొట్లాన్ని, అతుకు దగ్గర తడి తగిలిన పొట్లాన్ని తెరవకుండానే పారవేయాలి. చెడిన నిల్వ ఆహారంలో సూక్ష్మజీవుల వల్ల పుట్టే బొటులిజం విషానికి వాసన ఉండకపోవచ్చు, కాబట్టి రుచి చూసి తేల్చుకుందామనే ఆలోచన ప్రాణాంతకం. ఉబ్బు లేకున్నా పాతదైతే తినకూడదనే నా మాట. పొట్లంలోనే ఉండే, భోజనాన్ని వేడిచేసే చిన్న సంచిలోని మెగ్నీషియం నీటితో కలిసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది కనుక, దానిని పరీక్షించదలచినవారు వంటింటి పొయ్యికి దూరంగా, ఆరుబయట పరీక్షించాలి.

నా పొట్లాన్ని తెరవలేదు. చిన్న చీటీపై పెన్సిలుతో 2010 మే 12 అని రాసి దానికి అంటించి, అటక మీద కాక బీరువా అడుగు అరలో ఉంచాను.