తిరుపతిలో సైకిల్ బొమ్మలు వేస్తున్నారా? బ్రష్ ముంచే ముందు ఇవి చూడండి

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆలోపు వీధి గోడకు రంగులు వేయాలనుకునేవాళ్లకు:

గోడ ఎవరిదో తేల్చుకుని, రాతపూర్వక అనుమతి తీసుకోండి. ప్రభుత్వ గోడైతే నగరపాలక సంస్థను అడగండి. నోటిమాట నమ్ముకుంటే వారం కష్టం ఒక్క పూటలో సున్నం కింద పోతుంది.

చెమ్మ చూడండి. ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి, రాత్రంతా వదిలేయండి. పొద్దున లోపల నీటిబొట్లు కనిపిస్తే ఆ గోడ వద్దు, రంగు పెచ్చులూడుతుంది. కొత్త ప్లాస్టరింగైతే నాలుగు వారాలు ఆగండి.

పాత సున్నాన్ని గీకి, కడిగి, ఆరాకే ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత) వేయండి.

బయటి గోడలకు వాడే ఎమల్షనే (నీళ్లతో కలిపే రంగు) కొనండి. లోపలి గోడల రంగు మన ఎండకూ, అక్టోబరు తర్వాతి వానలకూ ఆగదు.

మే ఎండలో తూర్పు గోడకు సాయంత్రం, పడమటి గోడకు పొద్దున పని పెట్టుకోండి. కాలిన గోడ మీద రంగు వెంటనే ఆరి, చారలు పడతాయి. ఇలా నీడలో పని చేస్తే, రంగులేసే పిల్లలకూ వడదెబ్బ భయం తగ్గుతుంది.

సైకిల్ చైను కుడివైపు ఉంటుంది. బొమ్మలో తప్పు వేస్తే రిపేరు షాపాయన ముందు కనిపెట్టేది అదే! ఆయనకే స్కెచ్ చూపించండి.