ఫైర్‌స్టీల్: ఎలాంటిది కొనాలి, ఎలా గీయాలి, ఎలా దాచుకోవాలి

అగ్గిపెట్టె తడిస్తే పనికిరాదు. లైటర్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లకి తెల్లవారుజామున అది మొరాయిస్తుంది. ఫైర్‌స్టీల్‌కి ఈ రెండు బాధలూ లేవు: అది గీకితే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ. నీళ్లలో పడినా తుడిచి గీస్తే రవ్వలు రాలతాయి. అయితే అది ఇచ్చేది రవ్వలే, మంట కాదు. మంట చేసుకోవడం మన పని. ఇది తెలియకే చాలామంది నాలుగుసార్లు గీకి, వెలగలేదని సంచి అడుగున పడేస్తారు.

ఈ కడ్డీ ఫెర్రోసీరియం అనే మిశ్రమలోహం. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో దీన్ని కనిపెట్టాడు. ఇందులో సీరియం, లాంథనం లాంటి లోహాలు ఎక్కువ పాలు, ఇనుము సుమారు ఐదో వంతు, కాస్త మెగ్నీషియం. సీరియం 150–180 డిగ్రీల సెల్సియస్‌కే అంటుకుంటుంది. గీకినప్పుడు ఊడిన రజను ఆ రాపిడి వేడికే గాలిలో మండి, 3,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సిగరెట్ లైటర్‌లో వేసే చిన్న రాయి కూడా ఇదే. పాతకాలపు చెకుముకిలో రాయి ఉక్కుని గీస్తే రవ్వలు ఉక్కు నుంచి వచ్చేవి. ఇక్కడ అరిగేది కడ్డీయే. అందుకే గీకే అంచు ఎంత పదునైతే కడ్డీ అంత బాగా పనిచేస్తుంది.

కొనేటప్పుడు

8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న కడ్డీ ఎవరికైనా సరిపోతుంది. 6 మిల్లీమీటర్లవి తాళాల గుత్తికి బాగుంటాయి కానీ, ఈ లోహం పెళుసు; గట్టిగా అదిమితే పుటుక్కున విరుగుతుంది. 12 మిల్లీమీటర్లు దాటినవి బరువే అయినా, చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు పట్టు దొరుకుతుంది.

కడ్డీల్లో మెత్తనివి, గట్టివి అని రెండు రకాలు. మెత్తనిది పెద్ద రవ్వల్ని విడుస్తుంది, అవి కిందపడ్డాక కూడా క్షణంపాటు మండుతాయి. కొత్తవాళ్లకి ఇదే సులువు, కాకపోతే త్వరగా అరుగుతుంది, తేమకి త్వరగా పాడవుతుంది. గట్టిది సన్నని రవ్వల జల్లు కురిపిస్తుంది, ఎక్కువకాలం వస్తుంది. 3,000 గీతలు, 12,000 గీతలు అని అట్ట మీద వేసే లెక్కల్ని పెద్దగా పట్టించుకోకండి. అది మీరు ఎంత బలంగా గీకుతారన్న దాని మీద ఉంటుంది.

పిడిని పట్టుకుని కొంచెం మెలిపెట్టి చూడండి. కదిలితే వద్దు. పిడిలోకి కడ్డీ కనీసం ఒకటిన్నర సెంటీమీటరు దిగి ఉండాలి. మెగ్నీషియం దిమ్మె అంచున సన్నని కడ్డీ అతికించి అమ్మేవి చౌకే, కానీ ఆ అతుకు ముందుగా ఊడుతుంది. విడి కడ్డీయే మేలు.

కడ్డీతో పాటు ఇచ్చే గీకుడు రేకు చాలాసార్లు పనికిమాలినది. అంచు సరిగ్గా 90 డిగ్రీల మూలగా, వేలితో తడిమితే గీరుకునేలా ఉండాలి. అది లేకపోతే హాక్సా బ్లేడు ముక్క ఆరేడు సెంటీమీటర్లు తీసుకుని, పళ్లు లేని వైపు సానరాయి మీద నిటారుగా పట్టి రుద్దండి. విరిచేటప్పుడు గుడ్డలో చుట్టండి, పెంకులు ఎగురుతాయి. కత్తి అయితే వీపు వైపే వాడండి. పదును వైపు గీకితే పదును పోతుంది, చెయ్యి తెగే ప్రమాదమూ ఉంది.

వెలిగించడం

కొత్త కడ్డీ మీద నల్లటి పూత ఉంటుంది. ఒక వైపు అది పోయేదాకా గీకండి, అప్పటిదాకా రవ్వలు అంతంతమాత్రమే.

అసలు పని రవ్వని పట్టే పీచుది. కొబ్బరి పీచుని అరచేతుల మధ్య రుద్ది రుద్ది వెంట్రుకంత సన్నగా విడదీసి, పిచ్చుక గూడులా చేయండి. బూరుగు దూది, జిల్లేడు దూది ఇట్టే అంటుకుంటాయి, అట్టే అయిపోతాయి; వాటిని గూడు నడుమ పెట్టాలి, ఒంటరిగా నమ్ముకోకూడదు. ఎండు వెదురు బద్దని కత్తి వీపుతో గీకితే వచ్చే పొట్టు కూడా మంచిదే, కాకపోతే గుప్పెడు కావాలి. వానాకాలానికి ఇంటి దగ్గరే దూదికి వ్యాజిలిన్ పట్టించి డబ్బాలో పెట్టుకోండి. నిమ్మకాయంత దూదికి శనగగింజంత చాలు. పూర్తిగా నానిపోతే రవ్వ పట్టదు. వాడే ముందు ఉండని చీల్చి, లోపలి పొడి పోగులు పైకి వచ్చేలా విప్పాలి. ఇలాంటి ఉండ కొన్ని నిమిషాలు మండుతుంది. పూజ కర్పూరం నలిపి దూదిలో చల్లినా సరే.

పుల్లలు ముందే సిద్ధంగా ఉండాలి: అగ్గిపుల్లంతవి ఒక గుప్పెడు, పెన్సిలంతవి రెండు గుప్పెళ్లు, ఆపైన బొటనవేలంతవి. రవ్వ పట్టాక పుల్లల కోసం వెతికేవాళ్లకి నిప్పు మిగలదు.

ఇప్పుడు కడ్డీ చివరని పీచులో ఆనించండి. గీకే అంచుని పీచుకి దగ్గరగా, కడ్డీకి సుమారు 45 డిగ్రీల వంపులో పట్టి కదలకుండా ఉంచి, కడ్డీనే వెనక్కి లాగండి. చెయ్యిని ముందుకు తోస్తే గూడు చెదిరిపోతుంది. వేగం అక్కర్లేదు, బలం కావాలి: గట్టిగా అదిమి, నెమ్మదిగా, మొదలు నుంచి చివరిదాకా.

రవ్వలు ఎర్రగా, పలచగా వస్తున్నాయంటే అంచు మొద్దుబారింది, లేదా పూత ఇంకా పోలేదు. తెల్లగా మెరుస్తూ వస్తున్నా అంటుకోవడం లేదంటే లోపం పీచులో ఉంది: తడి, లేదా ముతక. సముద్రపు గాలిలో పీచు పొడిగా కనిపిస్తూనే తేమ పీలుస్తుంది. పావుగంట ఎండలో పరిస్తే తేడా తెలుస్తుంది.

రిజర్వు అడవుల్లో నిప్పు పెట్టడం అటవీ చట్టం ప్రకారం నేరం. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో కార్చిచ్చుకి ఒక్క రవ్వ చాలు. అనుమతి ఉన్న చోట కూడా చుట్టూ రెండు మీటర్లు ఎండుటాకులు ఊడ్చి, నీళ్లు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. వెళ్లేటప్పుడు బూడిదని నీళ్లతో కలియబెట్టి, చేత్తో తాకి చల్లబడిందో లేదో చూడండి.

దాచుకోవడం

ఉప్పు, తేమ, చెమట: ఈ మూడే ఫైర్‌స్టీల్‌కి శత్రువులు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో పట్టించుకోకుండా వదిలేస్తే కడ్డీ మీద తెల్లటి బూడిదలాంటి పొర కట్టి, కొంతకాలానికి పొడిపొడిగా రాలుతుంది. వాడాక పొడిగుడ్డతో తుడవండి. సముద్రపు నీళ్లు తగిలితే ముందు మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టండి. నెలల తరబడి వాడకపోతే కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి. గోళ్ల రంగు ఒక పూత వేసినా అదే పని చేస్తుంది, రెండు గీతలకి ఊడిపోతుంది. తడిసిన తోలు ఒరలో పెట్టకండి. తేమలో ఉక్కుకి ఆనుకుని ఉన్నా త్వరగా చెడుతుంది, అందుకే గీకుడు రేకుని విడిగా కట్టండి.

ఒకేచోట గీకితే నడుమ పల్లం పడి అక్కడే విరుగుతుంది. అప్పుడప్పుడు కడ్డీని తిప్పుతూ వాడండి. పిడి ఊడితే ఆ భాగాన్ని గరుకు కాగితంతో చేత్తో మెల్లగా రుద్ది, ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రోజు వదిలేయండి. గ్రైండర్ మీద మాత్రం పెట్టకండి. పోగుపడిన రజను అంటుకుంటే నీళ్లతో ఆరదు, పొడి ఇసుక పోయాలి. విరిగిన ముక్క మూడు సెంటీమీటర్లున్నా పారేయకుండా చెక్కపిడిలో దింపి అతికిస్తే చిన్న ఫైర్‌స్టీల్ తయారవుతుంది.