కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం పెరగడం లేదా? నా కారులో దొరికిన కారణం

న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఎంత నొక్కినా నా కారు ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దాటేది కాదు, ఆయాసపడుతూ మూలిగేది. కొన్ని కార్లకు తయారీలోనే ఇలాంటి పరిమితి ఉంటుంది. అది ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఠక్కున ఆపుతుంది. నాది వేడెక్కేకొద్దీ ఇంకా దిగజారేది.

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) శుభ్రం చేయడం, ఇంధన పీడనం చూడటం: ఏదీ పని చేయలేదు.

దారి చూపింది వాక్యూమ్ గేజ్, అంటే ఇంజిన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచే మీటర్. థ్రాటిల్ తర్వాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లకు గాలిని పంచే భాగానికి) ఉన్న సన్నని గొట్టం దగ్గర దాన్ని తగిలించాను. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా, ముల్లు 18 అంగుళాల (పాదరస కొలత) దగ్గర స్థిరంగా నిలిచింది. వేగాన్ని 2,500 దగ్గర పట్టి ఉంచితే ముల్లు ఒకసారి దిగి, మళ్లీ పైకి రావాలి. రాలేదు. మెల్లమెల్లగా 10 వైపు జారుతూనే ఉంది. పొగ బయటికి పోయే దారిలోనే అడ్డు ఉందని అప్పుడు అర్థమైంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్‌ను, ఆ రంధ్రం గుండా పొగ పోయేలా విప్పి, తీగను వేడికి దూరంగా కట్టి, ఆరుబయట కొద్ది క్షణాలు మాత్రమే నడిపాను. చెవులు చిల్లులు పడే మోత, కానీ వేగం ఒక్కసారిగా పెరిగింది! కన్వర్టర్ తీసి చూస్తే లోపలి తేనెపట్టు లాంటి గదులు కరిగి ముద్దకట్టి ఉన్నాయి.

కొత్తది బిగించే ముందు, మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) అవుతున్న ఇగ్నిషన్ కాయిల్‌ను, అంటే స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే భాగాన్ని, మార్చాను. కాలకుండా వచ్చిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించి ఉండాలి. ఆ కాయిల్‌ను వదిలేస్తే కొత్తదీ పాడవుతుంది.

ఇది టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ సంగతి. డీజిల్‌కు ఈ గేజ్ పరీక్ష పనికిరాదు. ముల్లు మామూలుగా పైకి వస్తే మీ సమస్య వేరే చోట ఉండవచ్చు.